ఇందూరు ఖిల్లా గోడ మీద కొత్త పద్యం

పాట కట్టడం ఒక ఎత్తు, దాన్ని నలుగురి నోట పడేయడం ఇంకో ఎత్తు. అచ్చు లేదు, సభ లేదు, చేతిలో కాగితం కూడా లేదు. అలాంటి చోట పండ్లు తోముకునే బొగ్గుతో ఆ రెండో పని కానిచ్చిన ఇద్దరు ఖైదీల యథార్థ గాథ ఇది.

తెల్లవారితే ఖైదీలకు బొగ్గు ఇచ్చేవారు, పండ్లు తోముకోవడానికి. అప్పట్లో ఊళ్లోనైనా జైల్లోనైనా పండ్లపొడి అంటే చాలామందికి అదే. అరచేతిలో నలుపుకుని, వేలికి అద్దుకుని, తోముకుని పుక్కిలిస్తే బొగ్గుతో పని అయిపోయేది. ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్‌ ఖిల్లా జైల్లో ఉన్న ఒక యువకుడు మాత్రం తన వాటా మొత్తం నలిపేయలేదు. ఒక ముక్క మిగుల్చుకుని గోడ వైపు తిరిగాడు.

ఆయన పేరు దాశరథి కృష్ణమాచార్య. పుట్టింది 1925 జూలై 22న, అప్పటి వరంగల్‌ జిల్లా చినగూడూరులో. నిజాం ప్రభుత్వం ఆయన్ని వరంగల్‌ జైలు చూపించి, ఆ తర్వాత ఇక్కడికి పంపింది. వయసు ఇరవై రెండో, ఇరవై మూడో. చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో, పద్యం కట్టేది తెలుగులో. ఆ పద్యాల్లో తిట్టేది ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ను. జైలుకు పోవడానికి అంతకన్నా నేరం అక్కర్లేదు.

బొగ్గుతో గోడ మీద రాసి చూసినవాళ్లకు దాని తిప్పలు తెలుస్తాయి. గట్టిగా ఒత్తితే ముక్క పుటుక్కున విరుగుతుంది. తేలిగ్గా గీస్తే అక్షరం పొడిపొడిగా రాలి, భుజం రాసుకున్నా చెరిగిపోతుంది. ఒత్తులూ దీర్ఘాలూ సన్నగా పడవు, కాబట్టి అక్షరాలు పెద్దవి కావాలి. పెద్దవైతే గోడ చాలదు. చేతిలో ఉన్నది చిటికెన వేలంత ముక్క. వార్డరు చుట్టు తిరిగి వచ్చేలోపు పని ముగియాలి. ఇన్ని ఇరుకుల మధ్య పట్టే పద్యం పొట్టిగా ఉండి తీరాలి. దాశరథి రాసింది నాలుగంటే నాలుగు పాదాలు. నిజాంను నిలదీసి, తన తెలంగాణను వీణగా చెప్పుకున్న పద్యం. ఈ రోజు తెలుగు నేలమీద ‘నా తెలంగాణ కోటి రతనాల వీణ’ అన్న దాని చివరి పాదం తెలియని బడిపిల్లలు అరుదు.

ఆ రాతకు ఆయనకు దక్కిన మొదటి బహుమానం దెబ్బలు.

చెప్పుకునే చోటే లేదు

గోడ ఎక్కాల్సిన గతి పద్యానికి ఎందుకు పట్టిందో తెలియాలంటే ఆనాటి హైదరాబాద్‌ రాజ్యాన్ని ఒకసారి చూడాలి. అక్కడ పదిమంది ఒకచోట కూడాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్‌ 53 అనే ఉత్తర్వు మెడ మీద కత్తిలా ఉండేది. సాహిత్య సభైనా సరే, ఎవరు మాట్లాడతారో, ఏం మాట్లాడతారో ముందే చెప్పుకోవాలి. కవికి సభ అంటే పద్యం మొదటిసారి జనం చెవిన పడే చోటు. ఆ చోటుకే తాళం పడింది.

పత్రికల సంగతీ అంతే. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది పద్యాలు కూర్చి ‘గోలకొండ కవుల సంచిక’ తేవాల్సి వచ్చింది. కవులు లేక కాదు, వాళ్లను అచ్చేసే దిక్కు లేక. దేశానికి స్వాతంత్య్రం వచ్చి, నిజాం కొమ్ముకాసే రజాకార్ల రోజులు ముదిరాక అచ్చు వేయడమే ప్రాణాల మీదికి వచ్చింది. ‘ఇమ్రోజ్‌’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌ నడివీధిలో చంపేశారు. హైదరాబాద్‌ భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన తప్పు.

నిజామాబాద్‌కు ఇవేమీ దూరపు ముచ్చట్లు కావు. 1937లో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే, మందుముల నర్సింగరావు అధ్యక్షతన. సరిగ్గా ఆ కాలంలోనే పక్కన బోధన్‌లో నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ లేచింది. మంజీర మీద కట్టిన నిజాంసాగర్‌ నీళ్లు, ఆ నీళ్లతో చెరుకు, చెరుకు కోసం శక్కర్‌నగర్‌. ఒకవైపు రాజ్యానికి తియ్యటి రాబడి తెచ్చే నేల, ఇంకోవైపు అదే రాజ్యం మాట్లాడేవాళ్లను తెచ్చి మూసే ఖిల్లా. రెండింటి నడుమ పూట ప్రయాణం.

ఖిల్లా అంటే ఊరి అంచున గుట్ట మీది పాత కోట. మీద రామాలయం. లోపల అప్పట్లో జైలు. మనిషిని లోపల వేస్తే మాటను వేసినట్టే అనుకుంది సర్కారు. అదే గదిలో ఇంకో మనిషి ఉన్నాడన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

పుస్తకాలు మోసిన మనిషి

ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి. దాశరథి కన్నా పదేళ్లు పెద్ద. నల్లగొండ జిల్లా నకిరేకల్‌ దిక్కు మనిషి. చిన్నతనంలోనే ఇంటి ఆసరా పోయింది. ఒక పంతులు గారింట వంట చేసి పెడుతూ అక్షరాలు నేర్చాడు. విజయవాడ హోటల్లో సర్వరుగా బల్లలు తుడిచాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. పెద్ద చదువు చదవకుండానే, అక్షరం జనం దగ్గరికి పోవడానికి మధ్యలో ఎన్ని చేతులు మారాలో ఆయనకు తెలిసొచ్చింది.

1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. కాశీనాథుని నాగేశ్వరరావు మీది గౌరవంతో, ఆయన బిరుదైన ‘దేశోద్ధారక’తో ఆ పేరు. గ్రంథమాల అనగానే దుకాణం, గుమాస్తాలు, గోదాము కళ్ల ముందు మెదులుతాయి. ఆళ్వారుస్వామికి అవన్నీ ఆయనే. పుస్తకం వేయించేదీ ఆయనే, మూట కట్టేదీ ఆయనే, మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేదీ ఆయనే. ఎవరి చేతిలో ఏ పుస్తకం పెట్టాలో, ఏ ఊళ్లో ఏ పంతులు చదివి నలుగురికి వినిపిస్తాడో ఆయనకు నోటి లెక్క.

అలాంటి మనిషికి జైల్లో పుస్తకాలు లేవు, మూట లేదు, తిరగడానికి ఊళ్లు లేవు. ఉన్నవి నాలుగు గోడలు, పక్కన పద్యాలు పొంగుతున్న కుర్రవాడు. ఆ తర్వాత జరిగింది నిజామాబాద్‌లో ఇప్పటికీ రెండు తీర్లుగా చెప్పుకుంటారు. బొగ్గు పట్టింది దాశరథే అని కొందరు, ఆయన చెబుతుంటే ఆళ్వారుస్వామి రాశాడని ఇంకొందరు. ఎవరి చేయి నల్లబడినా, ఆళ్వారుస్వామి చేసిన అసలు పని గోడ మీద లేదు. ఆయన పద్యాలను కంఠతా పట్టాడు.

ఆ ఘడియను ఊహించుకోవచ్చు. కుర్రవాడు గొంతెత్తడు, ఎత్తితే వార్డరు వస్తాడు. పెదవుల మీదే ఒక పాదం పలుకుతాడు. పెద్దాయన మారు పలుకుతాడు. ఎక్కడో ఒక అక్షరం జారుతుంది, కుర్రవాడు కళ్లతోనే ఆపుతాడు, మళ్లీ మొదటి నుంచి. ప్రూఫులు దిద్దిన మనిషి కదా, తప్పు పడితే తానే పట్టుకుంటాడు. ఈసారి ప్రూఫు కాగితం మీద లేదు, నాలుక మీద ఉంది. గోడను కడిగేస్తారని ఇద్దరికీ తెలుసు. అయినా కుర్రవాడి ముఖంలో బెంగ ఉండదు. పద్యం అప్పటికే ఇంకో ఇంటికి చేరింది.

నాలుగు పాదాల బలం

అన్ని పద్యాలూ ఇలా నోటి మీద ప్రయాణం చేయలేవు. ఈ పద్యానికి ఆ సత్తా ఎక్కడిదో చూడాలి.

అది తేటగీతి. పాదానికి ఐదే గణాలు. ముందు ఒక సూర్యగణం, తర్వాత రెండు ఇంద్రగణాలు, చివర రెండు సూర్యగణాలు. మొదటి గణం చిన్న అడుగు, నడుమ రెండు పెద్ద అడుగులు, మళ్లీ రెండు చిన్న అడుగులు. నాలుగో గణం దగ్గర యతి కాని ప్రాసయతి కాని పడి, పాదాన్ని మధ్యలో ఒక కొక్కేనికి తగిలిస్తుంది. మతిమరుపు మనిషికైనా ఆ కొక్కెం దగ్గర తర్వాతి మాట అందుతుంది. ఉత్పలమాల చంపకమాలల్లా ఊపిరి బిగబట్టి చదవక్కర్లేదు. బిడ్డను జోకొడుతూనో, బండి తోలుతూనో రాగం తీసుకోవచ్చు.

కట్టడం కూడా అలాంటిదే. మొదట ఎవరిని అంటున్నాడో పిలిచి చెప్పేస్తాడు. నడుమ వాడు చేసిన పాపం చెబుతాడు. చివరి పాదంలో తనది ఏమిటో చెబుతాడు. కోపం మీద మొదలై గర్వం దగ్గర ఆగే పద్యం అది. వినేవాడు మొదటి మూడు పాదాలూ మరిచినా ఆఖరుది మిగిలిపోతుంది. అదే జరిగింది. నిజాం పోయాక మొదటి పాదాల అవసరం తీరింది. ఆఖరి పాదం మాత్రం బ్యానర్ల మీదికి, గోడల మీదికి, మైకుల్లోకి ఎక్కి అరవై ఏళ్ల తర్వాత ఒక రాష్ట్ర ఉద్యమానికి పిలుపయింది.

ఇప్పటి పాటగాళ్లు దీన్నే ‘హుక్కు లైను’ అంటున్నారు. పదిహేను సెకన్ల రీల్‌లో పట్టాలి, ఒక్కసారి వింటే పట్టేయాలి అని స్టూడియోల్లో కూర్చుని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. దాశరథికి ఆ కొలత ఇచ్చింది చిటికెన వేలంత బొగ్గు.

గోడ నుంచి పుస్తకానికి

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. మరుసటి ఏడు, 1949లో, దాశరథి మొదటి కావ్యం ‘అగ్నిధార’ అచ్చయింది. దాన్ని ఆయన ఆళ్వారుస్వామికి అంకితం ఇచ్చాడు. మన కావ్య సంప్రదాయంలో అంకితం పుచ్చుకునేది రాజు, కాకుంటే దేవుడు, అదీ కాకుంటే డబ్బున్న దొర. ఇక్కడ కృతిభర్త హోటల్‌ సర్వరు, ప్రూఫ్‌ రీడరు, నెత్తిన మూటతో పుస్తకాలు అమ్మినవాడు, కవితో పాటు జైలు కూడు తిన్నవాడు. దొరలు కృతిని పుచ్చుకుని బహుమానాలు ఇస్తారు. ఈయన పుచ్చుకోవడానికి ముందే ఇవ్వాల్సింది ఇచ్చేశాడు, తన జ్ఞాపకంలో చోటు.

ఆ తర్వాతి దారి లోకానికి తెలిసిందే. ‘రుద్రవీణ’, ‘మహాంధ్రోదయం’ వచ్చాయి. ‘తిమిరంతో సమరం’ కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది. గాలిబ్‌ గీతాలు తెలుగులో పలికాయి. సినిమా పాటలు ఊరూరా మోగాయి. ఆంధ్రప్రదేశ్‌ ఆస్థానకవి పదవి కూడా దక్కింది. సర్కారు జైల్లో దెబ్బలతో మొదలై సర్కారు ఆస్థానంలో శాలువా దాకా. 1987 నవంబరు 5న ఆయన పోయారు. ఆళ్వారుస్వామి అంత కాలం ఉండలేదు. ‘ప్రజల మనిషి’ నవల, ‘జైలు లోపల’ కథలు మనకిచ్చి 1961 ఫిబ్రవరి 5న వెళ్లిపోయారు. దాశరథి పేరు తెలిసిన వందమందిలో ఆయన పేరు తెలిసినవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. పాటను మోసేవాళ్ల రాత ఎప్పుడూ ఇంతే.

బోధన్‌ రోడ్డు మీది పాటగాళ్లు

ఇప్పుడు అదే జిల్లాలో కొత్త పాట విడుదల ఎలా ఉంటుందో చూడండి. శక్కర్‌నగర్‌లో గానుగ ఆడి చాలా ఏళ్లయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరిన గేటు ముందు ఇప్పుడు జనం కూడే పని లేదు. ఎన్నో ఊళ్ల నుంచి మగవాళ్లు గల్ఫ్‌ బాట పట్టారు. పాట వినేవాడు ఒకడు వర్నిలో ఉంటే ఇంకొకడు దుబాయ్‌లో ఉంటాడు. కాబట్టి పాట కూడా ఫోన్‌లోకి మారింది.

పాట రాసుకుని, బాణీ కట్టుకుని, స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కట్టి పాడించుకుంటారు. పొలం గట్టునో, చెరువు కట్ట మీదో షూటింగ్‌. ముందు పోస్టరు, తర్వాత ప్రోమో, ఆ తర్వాత పూర్తి పాట. ఆ రోజు నుంచి చుట్టాలకు, దోస్తులకు, వాట్సాప్‌ గ్రూపులకు లింకు పంపడమే పని. అన్నా జర చూడు, అక్కా జర షేర్‌ చెయ్‌. సొంత చానల్‌కు ప్రకటనల డబ్బు రావాలంటే యూట్యూబ్‌ నిబంధన ప్రకారం వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). అంత దాకా ఓపిక లేనివాళ్లు పెద్ద జానపద చానళ్లకు పాటను గంపగుత్తగా ఇచ్చేస్తారు. డబ్బు ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత పాట కోట్ల వ్యూస్‌ కొట్టినా రాసినవాడికి చప్పట్లే మిగులుతాయి.

దాశరథికి లేని గోడలన్నీ వీళ్లకు ఉన్నాయి. యూట్యూబ్‌ ఒక గోడ, ఇన్‌స్టాగ్రామ్‌ ఒక గోడ, వాట్సాప్‌ స్టేటస్‌ ఇరవై నాలుగు గంటలకు దానంతట అదే చెరిగిపోయే ఇంకో గోడ. కడగడానికి వార్డరు రానక్కర్లేదు, తెల్లారేసరికి వేరే పాటలు వచ్చి పైన పడతాయి. ఇన్ని గోడలున్నా పాటలు ఎందుకు మునిగిపోతున్నాయి?

‘బుల్లెట్టు బండి’ ఉదంతం దీనికి మంచి జవాబు. సినిమాతో సంబంధం లేని పాట. లక్ష్మణ్‌ రాశాడు, ఎస్‌.కె.బాజి బాణీ కట్టాడు, మోహన భోగరాజు పాడింది. 2021 ఏప్రిల్‌లో విడుదలైంది. జనం చూశారు, బాగుందన్నారు. కానీ అది రాష్ట్రమంతా ఊగిపోయింది ఆగస్టులో, మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు అప్పగింతల వేళ తన పెనిమిటి ముందు ఆ పాటకు ఆడినప్పుడు. ఆమెకు ఎవరూ ప్రచారం అప్పజెప్పలేదు. పాట ఆమెకు నచ్చింది, నోటికి వచ్చింది, తన బతుకులో పెద్ద రోజున దాన్ని తనదిగా వాడుకుంది. ఆ తర్వాత ఏ బరాత్‌కు పోయినా అదే పాట. నాలుగు నెలలు తెర మీద ఉన్న పాటను ఒక మనిషి తన ఒంటి మీదికి తెచ్చుకున్నాకే అది ఊరిదైంది.

ఖిల్లా జైల్లో ఆళ్వారుస్వామి చేసిందీ, మంచిర్యాల పెళ్లిలో ఆ అమ్మాయి చేసిందీ పైకి ఒకటిగా కనిపించవు. ఒకరు దెబ్బల భయం మధ్య గుట్టుగా వల్లె వేశారు, ఇంకొకరు వందమంది చూస్తుండగా ఆడారు. కానీ పాట వైపు నుంచి చూస్తే రెండుచోట్లా జరిగింది ఒకటే. కట్టినవాడి చేతిలోంచి జారి, వేరే మనిషి సొంతమైంది. మన దగ్గర పాట ఎప్పుడూ ఈ దారినే నడిచింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు ఊరూరా పోయింది పోస్టర్లతో కాదు, విన్నవాళ్లు పక్క ఊరికి పోయి పాడితే. ఇదే నిజామాబాద్‌ జిల్లాలో చదువుకున్న గుమ్మడి విఠల్‌, గద్దర్‌గా మారాక, ఆయన పాటలు సర్కారు వద్దన్నా ఆగకుండా పల్లెలు తిరిగింది అలాగే.

అందుకే కొత్త పాట చేతిలో పెట్టుకుని నిజామాబాద్‌, బోధన్‌ స్టూడియోల చుట్టూ తిరిగే పిల్లలకు ఈ గాథ పనికొస్తుంది. ఐదువందల మందికి లింకు పంపే ముందు, పాటను ఒక్కరికి వినిపించండి. చుట్టరికం కోసం బాగుందనే మనిషికి కాదు, ఆళ్వారుస్వామిలా తప్పు పట్టగల మనిషికి. రెండు రోజులు ఆగి మళ్లీ కలవండి. పాట సంగతి మీరు ఎత్తొద్దు. వాళ్లంతట వాళ్లు ఒక్క పాదమైనా కూనిరాగం తీస్తే, ధైర్యంగా పోస్టరు వేయించుకోండి. తీయకపోతే ప్రచారానికి దాచిన డబ్బులు జేబులోనే ఉంచుకుని, ముందు పల్లవి మార్చుకోండి.